ఇయ్యాల ఏం పండుగ

జనవరిల ఆఫీసు నుంచి రెండు కాయితాలొస్తయి,
మూలకు ఒక్కటే పిన్ను.
మొదటి దాంట్ల సెలవులు.
రెండో దాంట్ల దినాలు:
కుష్టు దినం, క్షయ దినం, దోమల దినం,
చేతులు కడుక్కునే దినం,
తల్లిపాలకైతే ఏకంగ వారం.
వీటికి సెలవుండది,
గోడకు పోస్టరుంటది,
పోస్టరుకు నేనుంట.

అడ్డగుట్ట బస్తీ దవాఖానల
స్టూలెక్కేది నేనే.
కుంటి కాలు కింద అట్టముక్క పెట్టి,
ఎక్కి, పాతది పీకి, కొత్తది అంటిస్త.
మైదా జిగురుకు బొద్దింకలొస్తయని
సిస్టర్ రోజ్‌మేరీ తిడ్తది.
టేపుకు పైసలెవలిస్తరు సిస్టరూ?

మెట్ల కింద నాంచారమ్మ.
బిర్యానీ హోటళ్లకు ఎల్లిగడ్డలు ఒలుస్తది,
కిలోకింత అని.
నీడకు కూసుంటదని డాక్టరమ్మ ఏమనది.
చదువు రాదు, చూపు మాత్రం పోస్టర్ మీదనే:
"ఇయ్యాల ఏం పండుగ బిడ్డా?"

"పండుగ కాదవ్వా, క్షయ దినం."
ఒలిచే చెయ్యి ఆపింది.
"దినాలా? ఎవలు పోయిండ్రు?"

నవ్విన.
నవ్వినంక యాదికొచ్చింది,
ఆ యేడు మా గల్లీలనే ఇద్దరు పోయిండ్రు.

రంజాన్‌ల డాక్టర్ మెహజబీన్
షుగర్ గోలీల వేళలు మార్చి రాసింది,
సహరీకొకటి, ఇఫ్తార్‌కొకటి,
తను రోజా ఉండి, ఎండిన పెదవులతోటి.
ఎండదెబ్బ పోస్టర్
తొలకరి పడ్డంక వచ్చింది.
తడిసిన గోడకే అంటించిన.
వచ్చే యేడు ఎండ రాకపోతదా?

బోనాల నాడు ఉక్కపోత.
నెత్తిన కుండలెత్తుకున్న ఆడోళ్లకు
లైను పొడుగునా ఓఆర్ఎస్ కలిపి పోసిన.
ఒకామె శివమూగుతనే గ్లాసందుకొని
గుటుక్కున తాగి
"ఉప్పెక్కువైంది" అన్నది.

దేనికైనా నాంచారమ్మ అడగక మానలే.
ఇయ్యాల ఏం పండుగ? ఇయ్యాల?
చెప్పి చెప్పి ఇసుగొచ్చి
ఓసారి "దోమల పెండ్లి" అన్న.
"దావత్ ఎవలింట్ల?"
"మన మోరీలనే."
పండ్లు లేని నోటితోటి ఎంతసేపు నవ్విందో.

అక్టోబర్‌ల గులాబీ రంగు పోస్టరొచ్చింది.
అదే వారం బతుకమ్మ.
ఏ గోడకంటించాలె దీన్ని?
మొగోళ్లు బీపీ చూపించుకునే గోడకా?
చుట్టి, చంకల పెట్టుకొని
రేషన్ దుకాణం ముంగట ఆడే కాడికి పోయిన.
చప్పట్లు ఆగి, సత్తుపిండి పంచేటప్పుడు
విప్పి పట్టుకున్న.
వేళ్లు ఇట్ల పెట్టాలె, ఇట్ల తిప్పాలె గుండ్రంగ,
గట్టిగ ఏమన్న తగిలితే దవాఖానకు రండ్రి.
కొందరు కొంగు అడ్డం పెట్టుకున్నరు.
ఒకామె పిల్లలను అవుతలికి తోలింది.
తంగేడుపూల మీద
ఎవలిదో ఫోను లైటు.

తెల్లారి నాంచారమ్మ పండుగ అడగలే.
తట్ట పక్కకు జరిపి
ఒలవని రెబ్బ ఒకటి
నా అరచేతిల పెట్టింది.
"గింతుంటదా నువ్వు చెప్పింది?"

"ఎన్నొద్దులాయె అవ్వా?"

"ఆ దినాలప్పటి సంది. దగ్గు దినాలు."

మార్చి.
స్టూలు మీదనే కూలబడి లెక్కపెట్టిన,
ఆమె ముంగట ఎన్ని కాయితాలు పీకిన్నో,
ఎన్ని అంటించిన్నో,
ఎన్నిసార్లు అడిగిందో,
నేనేమో పండుగనే చెప్తూ పోయిన.

రెడ్‌హిల్స్ పెద్ద దవాఖాన. చీటీల లైను.
సూది పెట్టి చూసిండ్రు, ఫోటోలు తీసిండ్రు,
ఆఖరికి ఒక తారీకు రాసిచ్చిండ్రు.
ఇంటికొచ్చి ఆ రెండు కాయితాలల్ల ఎతికిన.
సెలవు కాదు. దినం కాదు.
గీతకూ గీతకూ నడుమ ఖాళీ.

స్ట్రెచర్ మీద పండి,
ఎంత కడిగినా ఎల్లిగడ్డ వాసన పోని చెయ్యి
నా చేతిల పెట్టి అడిగింది
"ఇయ్యాల ఏం పండుగ బిడ్డా?"

"ఏం లేదవ్వా. మంగళారం."

"అట్లనా.
మంగళారం అంగట్ల ఎల్లిగడ్డ అగ్గువ.
రెండు కిలోలు తెచ్చి పెట్టు."