తినని భోజనాల లెక్క

మా ఇంట్లో తొమ్మిది గదులు, ఒకటే పొయ్యి.
ఫ్రిజ్ తలుపు మీద గళ్ల కాగితం.
ఈ పూట తినేవాళ్లు
సాయంత్రం నాలుగు లోపల గీత గీయాలి.
గీయనివాళ్లకి దుంప తొక్క కూడా దక్కదు.
ఇది డెల్ఫ్ట్.
ఇక్కడ దిగులు పడాలన్నా
డైరీలో ఖాళీ చూసుకోవాలి.

సెప్టెంబరులో నా వరస నిండా గీతలే.
అక్టోబరుకి పలచబడ్డాయి.
నవంబరులో, తాళం వేసిన గది మీద పేరు పలకలా
వీట్స్కె అన్న మాట ఒక్కటే మిగిలింది.

నేను చదివేది నీటి గట్ల గురించి.
ఇసక ఎంత నానితే గట్టు జారుతుందో,
అడుగున ఎంత ఊట ఊరితే
పైన గడ్డి పచ్చగా ఉండగానే
లోపల డొల్లవుతుందో.
రాత్రి రెండింటికి లైబ్రరీలో ఆ బొమ్మ గీస్తూ
గడ్డి దగ్గర పెన్సిల్ ఆగింది.
హార్లింగెన్ నుంచి అక్క ఫోన్ చేసినప్పుడల్లా
"బాగానే ఉన్నానే" అంటాను చూడండి,
అదీ గడ్డి.

పదికి ఆరొస్తే గట్టెక్కినట్టు.
మొదటిసారి నాకు నాలుగు.
రెండోసారికి ఏడు వారాలు గడువు.
కనక యోరిట్ పుట్టినరోజు, తర్వాత.
కాలువ గడ్డకట్టిందని ఇంటిల్లిపాదీ
స్కేట్లు భుజాన వేసుకుని పరిగెత్తిన
ఆ ఒక్క మధ్యాహ్నం, అదీ తర్వాతే.
మంచు మాత్రం తర్వాత దాకా ఆగలేదు.
గురువారానికి మళ్లీ నీళ్లూ, బాతులూ.

ఒంటరిదాన్నని జాలిపడకండి.
లైబ్రరీలో నాలుగు వందలమందిమి.
ఎదుటి బల్ల అబ్బాయి దగ్గు
గుంపులో వినిపించినా గుర్తుపడతాను.
పేరే తెలీదు.
ఒకసారి అతని పెన్ను నా కాళ్ల దగ్గర పడితే
తీసిచ్చాను.
ఆ వారంలో నేను మనిషిని తాకింది అంతే,
అదీ పెన్ను ఈ చివరా ఆ చివరా పట్టుకుని.

పరీక్షకి ముందు మంగళవారం
అర్ధరాత్రి దాటాక, వానలో సైకిలు తొక్కి
వంటింట్లోకొచ్చి పడ్డాను.
పొయ్యి పక్కన పళ్లెం మీద పళ్లెం బోర్లించి ఉంది.
కింద క్యారెట్లూ ఉల్లిపాయలూ వేసి మెదిపిన దుంపలు,
అంచు ఎండి, నడిమి ఇంకా మెత్తగా.
ఎవరిదో అనుకుంటూ ఫ్రిజ్ వైపు చూశాను.
నా గడిలో గీత.
పోయిన మంగళవారం, గీత.
అంతకు ముందుదీ. దాని ముందుదీ.
మొత్తం ఆరు.
ఒక్కటీ నా చెయ్యి కాదు.
చేర్డ్ గీతలు అవి, ఎడమచేతివాటానివి,
తాగి నిలబడ్డ మనిషిలా కుడికి ఒరిగి.

పక్కనే లెక్కా రాశాడు పుణ్యాత్ముడు:
వీట్స్కె, ఆరు భోజనాలు,
ఇరవై యూరోల నలభై సెంట్లు.

ఒళ్లు మండింది.
తినని తిండికి అప్పేమిటి?
పొద్దున వాడి నోట్లో బ్రష్ ఉండగానే నిలదీశాను.
"రానిది నువ్వు," అన్నాడు నురగ ఉమ్మి.
"నీ వాటా మర్నాడు మరైన్ మింగాడు.
సగం వాడి దగ్గర వసూలు చేసుకో."
నోరు కడుక్కుని, తువ్వాలు వెతుక్కుని,
గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి:
"ఎనిమిదిమందికి వండటం నాకు చాతకాదు.
తొమ్మిదికే చెయ్యి అలవాటు."

అంతే. భుజం తట్టడాలూ అవీ లేవు.
గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు,
వాడిక్కూడా శుక్రవారం పరీక్షే.

ఆ రోజు మూడూ యాభై ఏడుకి
నేనే వెళ్లి గీత గీశాను.
నలభై నిమిషాలు కూర్చున్నాను.
సూపులో ఉప్పు లేదు.
గిన్నెల వంతు ఎవరిదని పెద్ద గొడవైంది.
నాదేనట, అక్టోబరు నుంచీ.
తొమ్మిదిమంది ఎంగిలి గిన్నెలూ తోమి
పైకెళ్లి పుస్తకం తెరిస్తే
ఊట సూత్రం మీద సబ్బు వాసన.
అర్థమైందని చెప్పను.
చదువుతూ నిద్రపోయానని మాత్రం తెలుసు,
దీపం ఆర్పింది నేను కాదనీ.

ఎంతొచ్చిందని అడక్కండి.
గట్టు మీదే ఉన్నాను, అంచున.
చేర్డ్ బాకీ తీర్చేశాను.
మరైన్ నాకింకా
పది యూరోల ఇరవై సెంట్లు ఇవ్వాలి.