ఊ కొట్టినవాడి మాటలు

పందొమ్మిదేళ్లు ఆమె మాట ముందు నా చెవికి తగిలి
తరవాతే దేశానికి చేరింది.
గొప్పకి చెప్పడం లేదు, నా ఉద్యోగమే అది.
కాన్‌బెర్రాలో, పార్లమెంటు భవనం రెండో అంతస్తులో
కిటికీ లేని గదిలో వైర్లు చుట్టుకునేవాణ్ణి.
హీథర్ క్విన్లన్ టీవీలో రాజకీయ విలేకరి.
నేను ఆమె శబ్దం.

మొదటి రోజే నిలదీసింది:
"నేను మాట్లాడుతుంటే చెవిలో ఏదో అంటున్నావు, ఏమిటది?"
టాక్‌బ్యాక్ బటన్ మీద వేలుంచి, అలవాటుకొద్దీ ఊ కొట్టానట.
కథ చెప్పేవాళ్లకి మేమలా అంటాం,
లేకపోతే కథ కంచికి వెళ్లదు, అన్నాను.
"అయితే ఆపకు" అంది.

జులై పొద్దుటిపూట మైనస్ నాలుగు.
పచ్చికమీద మంచు గాజుపెంకుల్లా విరిగేది.
నడుం పైన ఎర్రకోటు, ముత్యాల దుద్దులు.
నడుం కింద, ఫ్రేములో పడని దేశంలో,
గొర్రెతోలు బూట్లు, సాగిపోయిన ట్రాక్ ప్యాంటు.
ఇంటింటికీ తెలిసిన మనిషి
ఇంటింటికీ సగమే తెలుసు.

మంత్రులన్న మాటలు ఆమె రాసుకునేది,
అనేముందు మింగిన గుటకలు నేను వినేవాణ్ణి.
"నాయకుడికి నా పూర్తి మద్దతు" అన్న పెద్దమనిషి గుండె
కాలర్ మైకులో అంతలా ఎందుకు కొట్టుకుందో
రాత్రి తొమ్మిదింటికి నాయకుడు మారాక గానీ తెలియలేదు.
ప్రధానులు మారారు, నా బ్యాటరీలు మారాయి.
ఆమె లిప్‌స్టిక్ మాత్రం ఒకటే,
కంపెనీ మూతపడుతోందని డజను కొని దాచుకుంది.

ఓటింగు గంట మోగితే నాలుగు నిమిషాలు.
గడియారంమీద పచ్చలైటు మిణుకుతుండగా
ఒక అరటిపండూ, ఇద్దరు ఎంపీల మౌనమూ
ఒలిచేసేది.
పెళ్లి కూడా అలాంటి ఏదో విరామంలోనే చేసుకుంది,
ఇంకేదో విరామంలో విడిపోయింది.
రెండూ నాకు తరవాతే తెలిశాయి.

ఇక ఆ బడ్జెట్ రోజు.
మధ్యాహ్నమే విలేకరుల్ని లోపల పెట్టి తలుపు మూస్తారు.
ఫోన్లు సంచిలో వేసి సీలు.
రాత్రి ఏడున్నరదాకా అంకెలూ, చప్పిడి శాండ్‌విచ్‌లూ తప్ప లోకం లేదు.
మూడుంబావుకి వాగ్గా నుంచి ఆమె తమ్ముడు ఆఫీసుకి చేశాడు.
తీసింది నేను.
అమ్మ.
నాలుగు గంటలపైన ఆ ఒక్క మాట
నమలలేని ముద్దలా నా బుగ్గన ఉంది.

బయటికొచ్చింది. సంచి చింపి ఫోను చూసుకుంది.
నన్ను చూసింది. నీకు ముందే తెలుసా అని అడగలేదు.
మైకు పెట్టుకుంది. ముప్ఫై సెకన్లన్నారు స్టూడియోవాళ్లు.
మిగులు ఎన్ని బిలియన్లో తడబడకుండా చెప్పింది.
రెండో వాక్యానికీ మూడోదానికీ నడుమ
ఒక ఊపిరి లోపలికి వెళ్లి
తిరిగి రావడానికి దారి వెతుక్కుంది.
నేను ఫేడర్ కిందికి లాగాను, గోరంత.
పందొమ్మిదేళ్లలో దేశానికి వినపడకుండా
నేను దాచింది అదొక్కటే.
ఊ, అన్నాను. ఆమె ముగించింది.

ఇప్పుడు రిటైరై యాస్ అనే ఊళ్లో ఉంటోంది,
నా యాసని వెక్కిరిస్తున్నట్టుండే పేరు.
ఆదివారాలు ఫోన్ చేస్తుంది.
రేగిన కోళ్లూ, మంచుకి మాడిన టమాటాలూ,
చెత్తడబ్బాల రంగు మీద కౌన్సిల్లో
ఎవరు ఎవర్ని వెన్నుపోటు పొడిచారో, పేర్లతో సహా.
చెవిలో సెకన్లు లెక్కపెట్టేవాళ్లు లేరు కదా,
ఎక్కడ ఆపాలో ఆమెకి తెలియదు.

మొన్న మాత్రం సగంలో ఆగి
"నా గోల సరే, నీ సంగతి చెప్పు" అంది.
ఇన్నేళ్లు విన్నవాణ్ణి,
మొదటి వాక్యం ఎలా ఉంటుందో మర్చిపోయాను.
మా వీధిలో మాగ్‌పై ఒకటి గిన్నె కడిగినట్టు కూస్తోంది.
చాలాసేపు అదొక్కటే లైన్లో.

అప్పుడు అటునుంచి,
ముక్కుతో, కాస్త తప్పు స్థాయిలో,
ఊ.