పద్నాలుగో ప్రశ్న

నీళ్ళు తెచ్చుకునే చోటు ఇంటికి ఎంత దూరం?
మీటర్లలో.
పద్నాలుగో ప్రశ్న అంతే.
దాని ముందు కులం, దాని తర్వాత మరుగుదొడ్డి.

పుట్టాసింగి దాటాక బస్సు ఇక రానంది.
ఏలియా రైకా సైకిలు మీద టాబ్లెట్టు, వెనక నా నడక.
గునుపురం పిల్లని నేను.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, థీసిస్ ఇంగ్లీషు.
సవర మాట మాత్రం
సంతలో చింతపండు బేరం దగ్గరే ఆగిపోయింది.
ఆ పైన నాకు రానిదంతా ఏలియా నోట్లోంచి రావాలి,
రోజుకి మూడొందల యాభై, మధ్యాహ్నం అన్నం.

గురుబారి శబర గడపలో కూచుని కందులు చెరుగుతోంది.
ప్రశ్న విన్నా చాట ఆపలేదు.
చాలాసేపు చెప్పింది
గెడ్డకేసి ఓసారి, తన నడుంకేసి ఓసారి గడ్డం చూపిస్తూ.
ఏలియా తల గోక్కున్నాడు.
"ఎల్లినప్పుడు దూరం నేదట.
వొచ్చినప్పుడు నాలుగు సంకలట."

బిందె ఒక చంక నుంచి ఇంకో చంకకి మారితే ఒకటి.
వానలప్పుడు మూడు.
కడుపుతో ఉన్నప్పుడు ఏడు.
కోడలొచ్చాక తనకి సున్నా, కోడలికి నాలుగు.

టాబ్లెట్టు ఎర్రబడింది: అంకె మాత్రమే.
ఎండ. ఇంకా ముప్పై ఒక్క గడపలు.
నాలుగొందల ఎనభై అని కొట్టాను.
నాలుగొందల ఎనభై ఎందుకంటే
ఐదొందలని రాస్తే
ఊహించి రాసినట్టుంటుందని.

భువనేశ్వర్‌లో మా మేడం మెచ్చుకుంది,
మచ్చ లేని డేటా అని.
పట్టిక నాలుగు పాయింట్ రెండులో
ఆ ఊరు చిన్న నీలం గడి.

మరుసటేడు రాయగడ ఆఫీసులో
ఇంజనీరు కాగితాలు తిప్పుతూ చల్లగా అన్నాడు:
"ఐదొందల లోపైతే నీళ్ళున్నట్టే లెక్క.
ఈ ఊరికి పైపు రాదు.
మీ లెక్కే కదమ్మా ఇది!"

మళ్ళీ వెళ్ళాను, ఈసారి బిందెతో.
ఫోను పదమూడొందల నలభై చూపించింది.
నాకు పదకొండు చంకలయ్యాయి.
సగం నీళ్ళు దారికే పోశాను,
కోడలు వెనకాల నవ్వు ఆపుకోలేక
తన బిందె దించి కూచుంది.
దిద్దుబాటు కాగితం మూడు సంతకాలు దాటి
నాలుగో బల్ల మీద ఉంది.
ఇప్పటికీ అక్కడే ఉంది.

ఉద్యోగానికి ఇంటర్వ్యూ లాడ్జి గదిలో.
కరెంటు పోతుందేమోనని మంచం మీద రెండు ఫోన్లు,
తెర మీద మూడు ముఖాలు,
జెనీవాలో ఒకటి, నైరోబీలో రెండు.
"మీ వల్ల వచ్చిన ఒక మార్పు చెప్పండి."
బట్టీ పట్టిన జవాబొకటి నాలుక చివరే ఉంది.
"ఒక ఊరికి నీళ్ళు రాకుండా చేశాను" అన్నాను.
ఎవరూ కదల్లేదు.
సిగ్నలు పోయిందనుకున్నాను.

ఉద్యోగం వచ్చింది, మలావీలో.
ఆ మాటకిచ్చారో
పట్టిక నాలుగు పాయింట్ రెండుకిచ్చారో
నన్నడక్కండి.

చెప్పి వెళ్దామని పోతే
గురుబారి ఈసారి చింతపిక్కలు కొడుతోంది.
ఆ దేశం ఎంత దూరమంది.
"ఆరున్నర వేల..." దాకా వచ్చి
నోరు మూసుకున్నాను.
రాయి కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది,
రెండు చేతులూ ఖాళీ,
భుజాన చిన్న సంచి.
ఏదో అంది, మళ్ళీ రాయి తీసుకుంది.

"ఎల్లినప్పుడు దూరముండదులే అంటంది,"
అన్నాడు ఏలియా,
సైకిలు గొలుసు ఎక్కిస్తూ, నావైపు చూడకుండా.
ఆపైన గొంతు సవరించుకుని,
పోయినేటి మూడు రోజుల కూలి
ఇంకా నీ దగ్గరుండిపోయిందన్నాడు.

వెయ్యీ యాభై.
అక్కడే లెక్కపెట్టి ఇచ్చాను.
అతను మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.