పన్నెండు థౌ

గ్రీమ్స్‌పేటలో మా షెడ్డు ఉండేదే ఒక సందులో.
లాండ్‌మాస్టర్‌ని లోపలికి తొయ్యాలంటే
ఇద్దరం చెరో గోడా చూసుకోవాలి.

అది వచ్చిన రోజు సందంతా నీలం పొగ.
టీ కొట్టు కుప్పమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని
"బండి సాంబ్రాణి ఏస్తాండాదే" అనింది.

ప్లగ్గు తీసి చెంచాడు ఆయిలు పోశాము.
గేజి ముల్లు లేచింది.
చెంగల్రాయులన్న ఇంకేమీ చూడలేదు.
"రింగులు" అన్నాడు.

హెడ్డు విప్పితే
బోరు పైఅంచున గోరుకు తగిలే గట్టు.
అరవై ఏండ్లు రింగు ఎక్కి ఎక్కి
అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిన చోటు.
ఆ పైన ఇనుము ఇంకా కొత్తగానే ఉంది.

పాత రింగు కొసల మధ్య
రేకు మీద రేకు పెడుతూ పోయాను.
నలభై దగ్గర పట్టింది.
నాలుగు పోస్టుకార్డులు దూరేంత.

వేలూరులో బోరు తీయించుకొచ్చాక
కొత్త రింగు దించి, బోర్లించిన పిస్టనుతో సమంగా నెట్టాను.
కొసకూ కొసకూ మధ్య ఏమీ లేదు.
దొరసామి నాయుడు టైరు మీంచి లేచాడు:
"అబ్బ, ఎంత బాగా కుదిరిందప్పా!"

అన్న ఆకురాయి అందుకున్నాడు.
"దుడ్డు పెట్టి కొనింది అరగదీస్తావేంది?"

అన్న పొగాకు డబ్బాలోంచి ఒక తుంట తీసి
నాయుడి అరచేతిలో పెట్టాడు.
విరిగిన రింగు. కొస నీలంగా కమిలింది.

"ఎనబై రెండు. మొగిలి ఘాటు.
డిక్కీ నిండా బెల్లం దిమ్మెలు.
నేనే ఏసినా. కొలవలా.
కాగితం దూరకుండా కుదిరిందని మురిసినా.
ఎక్కేటప్పుడు కాగింది, సాగింది,
సాగను చోటు లేక కొసా కొసా కుమ్ముకొని
బోరంతా గీరేసింది.
తెల్లార్లూ బెల్లానికి చీమలు, నాకు చలి."

ఒక కొసనే, ఒకే వైపుకు.
నాలుగు పట్లు, ఒక కొలత.
రెండు పట్లు, ఒక కొలత.
తీసింది మళ్ళీ అతకదు.
పన్నెండో రేకు
తడి గుడ్డ మడతలోంచి వేలు లాగినట్టు
కాస్త పట్టి, వదిలింది.

మూడు రింగుల సందులూ ఒకే వరసలో పెట్టకూడదు,
ఆవిరి దోవ కనిపెడుతుంది.
ఒకటి ఇటు. ఒకటి అటు.
ఇంకొకటి అన్న చేత్తోనే తిప్పాడు.

స్టార్టు చేస్తే కాసేపు పొగ,
తరవాత పొగ లేదు.
కుప్పమ్మ చూసి, ఏమీ అనకుండా
పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది.

నాయుడు బండితోపాటు
ఆ తుంటనూ తీసుకుపోయాడని సాయంత్రం తెలిసింది.
అన్న పొగాకు డబ్బా చెవి దగ్గర ఊపాడు.
మళ్ళీ ఊపాడు.
నన్ను దీపం ఆర్పమన్నాడు.