ఆరువందల నలభై గ్రాములు

వేళచ్చేరిలో నాలుగో అంతస్తు గోడకి
వేలాడుతున్నాను.
నడుముకి తాడు, నోట్లో స్పానరు,
వీపు మీద కత్తిరి ఎండ.
మా సూళ్ళూరుపేటలో రోహిణి కార్తె అంటారు,
రోళ్ళు పగుల్తాయంటారు.
ఇక్కడ ఎవరింట్లోనూ రోలు లేదు.
పగలడానికి ఇంకేం దొరుకుతుందా అని
ఎండ వెతుక్కుంటోంది.

ఈ గోడకి పదహారు ఏసీ పెట్టెలు.
పదహారూ లోపలి వేడిని మోసుకొచ్చి
వీధిలో పారబోస్తాయి,
పొద్దున్నే కళ్ళాపి చల్లినంత ధీమాగా.
వీధి వేడెక్కుతుంది.
వేడెక్కిందని కిటికీలు మూస్తారు.
మూసిన గదికి పదిహేడో పెట్టె కొంటారు.
దాన్ని బిగించేదీ నేనే.
మా పిల్లల ఫీజులు ఈ గానుగలోంచే కారతాయి.
తిరిగే ఎద్దునీ నేనే,
గంతలు మాత్రం ఎప్పుడో జారిపోయాయి.

కింద కన్నియమ్మ మల్లెపూల గంప.
మూడో పెట్టె ఊపిరి సరిగ్గా దాని మీదే.
మధ్యాహ్నానికి మూరలు కమిలిపోతాయి.
రెండుసార్లు చోటు మార్చింది,
రెండుసార్లూ పైన కొత్త పెట్టె వచ్చింది.
నిరుడు చీటీ పాడి
నా దగ్గరే పాత ఏసీ ఒకటి కొన్నది,
మనవరాలికి ఒళ్ళంతా చెమటకాయలని.
దాని ఊపిరి ఇప్పుడు
పక్కింటివాళ్ళ గుమ్మంలోకి.
బిగించేటప్పుడే చూశాను.
ఏం మాట్లాడలేదు. రెండొందలు తగ్గించాను.

నాకు పని నేర్పింది మస్తాన్ మేస్త్రి.
ఆ రోజుల్లో గ్యాసు మార్చడమంటే
నట్టు వదులు చేసి
టీ తాగి రావడం.
ఉస్స్‌మని పది నిమిషాలు.
"పోనీరా, ఆకాశం పెద్దది" అనేవాడు.
ఆ మాటలో పొగరు లేదు.
సముద్రంలో ఉమ్మేసేవాడి
అమాయకత్వం అంతే.
ఎన్ని ఉస్సులో, లెక్క రాయలేదు.

తర్వాతెప్పుడో గిండీలో, మూడు రోజుల ట్రైనింగులో,
ఒకాయన పటం చూపించాడు.
మనుషులే లేని మంచు మీద
ఆకాశానికి చిల్లు.
మేస్త్రి తాగిన టీలన్నీ గుర్తొచ్చాయి.
పూడుతోందట, మెల్లగా,
దేశాలన్నీ కలిసి ఒక్కసారి
నట్టు బిగించినందుకు.
చప్పట్లు కొట్టాం.
ఆయన చెయ్యెత్తి ఆపాడు.
దాని బదులొచ్చిన గ్యాసు చిల్లు పెట్టదు,
దుప్పటి కప్పుతుంది, అన్నాడు.
మే నెలలో దుప్పటి!

పనయ్యాక పళ్ళికరణై మీదుగా ఇంటికి.
ఒకవైపు చెత్తకొండ, ఒకవైపు అద్దాల మేడలు,
మధ్యలో మిగిలిన ఇంత చిత్తడి.
వరద వచ్చిన ఏడాది
ఊరు మింగలేక కక్కిన నీళ్ళని
అదే తాగింది, పొట్ట ఉబ్బేదాకా.
జమ్ము మళ్ళీ లేచింది.
గూడబాతులూ వచ్చాయి,
ఆ ముందటేడు కంటే తక్కువే.
గట్టిపిండం, అంటారు జనం మెచ్చుకోలుగా.
ఓర్చుకునేదాన్ని చూస్తే
అందరికీ చెయ్యి సాగుతుంది.
ఇంకెన్నిసార్లు లేస్తుందో దానికీ తెలీదు.
లేవని రోజు
ముందుగా కబురు పెట్టదు.

ఇవాళ పోలయ్య అడిగాడు,
కొత్త కుర్రాడు, అన్నిటికీ తొందర,
"అన్నా, ఈ పాత గ్యాసు యెవురు జూస్తార్లే,
వొదిలేద్దామా?"
సిలిండరు తగిలించాను.
గంట పట్టింది,
ఎవరూ డబ్బులివ్వని గంట.
కాటా మీద పెట్టి, సిలిండరు బరువు తీసేస్తే
ఆరువందల నలభై గ్రాములు.
"యింతేనా?" అన్నాడు వాడు,
చెమట తుడుచుకుంటూ.
"ఇంతే."
తేదీ వేసి పుస్తకంలో రాసుకున్నాను.
పైన పదిహేను పెట్టెలు తిరుగుతూనే ఉన్నాయి.
పదహారోది ఆన్ చేశాను.
కింద కన్నియమ్మ
గంప మీద తడిగుడ్డ మార్చింది.