తెరువు, పంపు, అందుకో, మూయి

ఎనుమాముల మార్కెట్, మూడో గేటు పక్కన కాంటా గది.
మిర్చి ఘాటుకు గోడ గడియారం కూడా దగ్గుతున్నట్టే ఉంటుంది.
లోపల రెండు కంప్యూటర్లు:
పాత కమిటీ కొన్న విండోస్ ఒకటి,
నేను లినక్స్ ఎక్కించింది ఒకటి.
ఇద్దరిదీ ఒకటే కొలువు,
బస్తా బరువును ఆఫీసు దాకా మోయడం.

కొలువు ఒకటే గానీ మర్యాదలు వేరు.
విండోస్ ముందుగా దండం పెట్టించుకుంటుంది,
పోయేటప్పుడు సెలవు అడగమంటుంది.
లినక్స్‌కు ఆ పట్టింపు లేదు.
సాకెట్ పుట్టకపోతే ఒకటి మైనస్ ఒకటి అని ఊరుకుంటుంది,
రెండోది ఆ ఓటమికి ఏదో పెద్ద పేరు పెట్టుకుంది.

నడుమ ఒక అరుగు కట్టాలనుకున్నాను, సీ భాషలో.
నాలుగే ఫంక్షన్లు:
తెరువు, పంపు, అందుకో, మూయి.
హెడర్ ఫైల్లో స్ట్రక్ట్ పేరొక్కటే కనిపిస్తుంది,
దాని కడుపులో ఏముందో చెప్పను.
పాయింటర్ చేతిలో పెట్టి
మూట విప్పొద్దు అంటాను, అంతే.

అరుగు బాగానే కుదిరింది.
మూడు రోజులు.

నాలుగోనాడు పొద్దున
పరకాల నుంచి వచ్చిన లస్మక్క
రసీదు నా ముఖం ముందు పట్టింది.
చపాట మిర్చి, తొమ్మిదో బస్తా, నాలుగు కిలోలు.
"నాలుగు కిలోలా?
మోసిన నా నడుమునడుగు బిడ్డా,
నీ డబ్బానెందుకు అడుగుతవు?"

నలభై ఒకటిలో నాలుగు ముందొచ్చింది.
ఒకటి దారిలో ఉంది.
నేను ఆగలేదు.

హమాలీ మొగిలి నవ్వాడు.
"మేం బస్తాలు మోస్తం సారూ,
నీ తీగె కుప్ప మోస్తది.
ఏడ కుట్టు విప్పిందో దానికేం ఎరుక?"

ఎన్ని పుస్తకాలు తిరగేశానో,
ఈ ముక్క ఇంత సూటిగా తలకెక్కలేదు.
పంపేది బస్తాలుగా, అందేది కుప్పగా.
పంపు అంటే పోయినట్టు కాదు,
ఎంత పోయిందో అడగాలి,
మిగిలిందాన్ని మళ్ళీ భుజానికెత్తాలి.
లూప్ అంటే అదే, మొగిలి రోజూ తిరిగే తిరుగుడు.

ఆ రాత్రి ప్రతి బరువు ముందూ
ఒక చీటీ కట్టాను: వెనక ఇన్ని బైట్లున్నాయి,
అన్నీ అందేదాకా నోరు విప్పకు.
సున్నా వస్తే తప్పనుకోకు,
అవతలివాళ్ళు లేచి వెళ్ళిపోయారని అర్థం.

లస్మక్క రసీదు దిద్దిచ్చాను.
ఆమె రెండుసార్లు చదివించుకుంది.
థాంక్సు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

ఇక "మూయి" మిగిలింది.
ఠక్కున మూస్తే
దారిలో ఉన్న బరువుల గతేమిటి?
సాయంత్రం ఆరున్నరకు గేటు దగ్గర నిలబడి చూశాను.
మొగిలి ఒక రెక్క మూశాడు.
బయటికిపోయే బండ్లు బంద్.
రెండో రెక్క తెరిచే ఉంచి
నర్సంపేట రోడ్డు వైపు చూస్తూ బీడీ ముట్టించాడు.

"ఇంకెవరన్నా ఉన్నరా?"
"ఓదెలు ట్రాలీ రావాలె.
వస్తడో రాడో."

"ఎంతసేపు చూస్తవు?"

మొగిలి చెప్పలేదు.
నా కోడ్‌లో ఆ ఒక్క అంకె చోటు
ఇంకా ఖాళీగానే ఉంది.