శేషం

తొమ్మిదో అంతస్తులో నుజ్హత్.
వాళ్ళ కోడ్ చదివే పని తనది.
ఆరో అంతస్తులో నేను.
చూడకుండా రాసే పని నాది.
మధ్య రెండంతస్తులూ వకీళ్ళవి.
తను రాసిన కాగితం వాళ్ళ చేతుల్లో వడకట్టుకుని
నా బల్ల మీదికి దిగుతుంది:
"ఏడాది ఇస్తే, లీపో కాదో చెప్పాలి."
అంతే. ఎలా అన్నది ఉండదు.

పేర్లు మాత్రం వాళ్ళవే ఉంచాలి.
మారిస్తే, పాత ప్రోగ్రాములు పిలిచినప్పుడు
పలికేవాళ్ళుండరు.
ఆ పేర్లకే అద్దె కట్టమని కేసు.

చేరిన రోజున సంతకం పెట్టాను:
వారి కోడ్ నేనెన్నడూ చూసి ఎరుగను.

నాలుగుతో భాగించు, శేషం లేకపోతే లీపు.
వందతోనూ పోతే, కాదు.
నాలుగు వందలతో కూడా పోయిందా, మళ్ళీ అవును.
ఏడు లైన్లు. తెచ్చుకున్న చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

నెల తిరిగాక వింజమూరి వకీలుగారు
రెండు కాగితాలు పక్కపక్కన పరిచారు.
ఏడు లైన్లూ ఒకటే,
వదిలిన ఖాళీలతో సహా.
"ఎప్పుడైనా చూశావా? ఆలోచించుకుని చెప్పమ్మా."

ఆలోచించుకున్నాను.
అమీర్‌పేట. మేడ మీద రేకుల గది.
నూట ఇరవై మందికి రెండు ఫ్యాన్లు.
చెమట చేతితో సాంబయ్య సారు
బోర్డు మీద అవే ఏడు లైన్లు:
"రాస్కోండ్రి, ఇంటర్వ్యూల అడుగుతరు."
కిందికి దిగితే జిరాక్సు కట్ట నలభై రూపాయలు.
జిరాక్సుకి జిరాక్సు, దానికి జిరాక్సు,
అంచుల్లో ఎవరెవరివో నాలుగు చేతిరాతలు.
పక్క సీటు పిల్ల గొణిగింది:
"ఇది తప్పు రాస్తే నాకు పుట్టినరోజే ఉండదు."
ఫిబ్రవరి ఇరవై తొమ్మిది.
నుజ్హత్.

వకీలుగారికి ఏం చెప్పానో ఇక్కడ రాయకూడదు.
దానికీ ఒక సంతకం ఉంది.

సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కాం.
మా మధ్య పని మాట నిషేధం.
నీళ్ళ ట్యాంకరు రేటు, కొత్త చెప్పులు కరవడం,
వాళ్ళ చిన్నాన్న మోకాలి ఆపరేషను,
ఇలా లాక్కొచ్చాం అమీర్‌పేట దాకా.
ఈ ఏడు ఫిబ్రవరికి ఇరవై ఎనిమిదే.
అయినా స్టేషన్ మెట్ల కింద తను పెట్టె విప్పింది.
దిల్‌పసంద్, మూడు ముక్కలు.
తనకొకటి, నాకొకటి.

"మూడోది సాంబయ్య సారుది" అంది.
"ఆయనకి చెప్పిన సారుదో?" అన్నాను.

నా వంక చూసింది. మెట్ల వంక చూసింది.
"నక్కో" అంది,
"అది ఆఫీసు ముచ్చట."
పెట్టె మూసి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పింది.